తాగినవాడికి బల్ల లేదు, తాగించినవాడికో?

చెన్నేకొత్తపల్లి మండలంలోని మాల, మాదిగ వాడల్లో క్రైస్తవ సంఘాల వెంట తిరుగుతున్నప్పుడు ఒక దృశ్యం మాకు పదేపదే ఎదురైంది. నెలకొకసారి బల్ల పెట్టే ఆదివారం, ప్రసంగం ముగిసి రొట్టె మీద కప్పిన తెల్లగుడ్డ తీసే వేళకు, వెనక వరుసల్లో కూర్చున్న మగవాళ్లలో నలుగురైదుగురు నెమ్మదిగా లేచి బయటికి వచ్చేస్తారు. వాళ్లను ఎవరూ పొమ్మనరు. పొమ్మనాల్సిన పనీ లేదు. అయ్యగారు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం తీసి, అయోగ్యంగా ఈ రొట్టె తిని ఈ పాత్రలోది తాగేవాడు తన మీదికి తానే శిక్ష తెచ్చుకుంటాడని హెచ్చరిస్తే చాలు, అది ఎవరి గురించో వాడ అంతటికీ తెలుసు. నిన్న రాత్రి తాగినవాడు వేపచెట్టు కిందికి పోయి బీడీ ముట్టించుకుంటాడు. లోపల వాళ్ల ఆడవాళ్లు బల్లలో పాలుపొందుతారు.

పంక్తిలోంచి లేచిపోవడం అంటే ఏమిటో అంటరానితనం అనుభవించిన మనకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. అందుకే ఈ సంగతిని పాస్టర్లకు, విశ్వాసులకు వదిలేసి ఊరుకోవడం సరికాదని మా అభిప్రాయం.

తాగుడు గురించి చదువుకున్న దళితుల్లో రెండు వాదాలు వినబడుతున్నాయి. బైబిలు వద్దంది కాబట్టి ఇక చర్చే లేదనేది ఒకటి. కల్లు, మాంసం మన శ్రామిక సంస్కృతి, తాగొద్దనడం తెల్లదొరల నీతి, అదే బ్రాహ్మణీయ శుచి కూడా అనేది రెండోది. మొదటి వాదం చేసేవాళ్లు బైబిలు సరిగా చదవలేదు. రెండో వాదం చేసేవాళ్లు మన ఇండ్లలోని ఆడవాళ్లను అడగలేదు.

గ్రంథంలో ఏముంది

బైబిలు తాగుడును ఒక్క ఆజ్ఞతో నిషేధించలేదు. వేదాంత పాఠశాలలో చదివి వచ్చిన పాస్టర్లందరికీ ఇది తెలుసు, పుల్పిట్ మీద అనడానికే జంకు. కానాలో పెళ్లివారింట్లో యేసు నీళ్లను ద్రాక్షారసంగా మార్చాడు. ఆయన్ని తిండిపోతనీ తాగుబోతనీ జనం ఆడిపోసుకున్నారని లూకా 7వ అధ్యాయంలో ఉంది. బాప్తిస్మమిచ్చే యోహాను తాగడు, ఈయన తాగుతాడు అనే పోలిక మీదే ఆ నింద నిలబడింది. తిమోతికి కడుపు జబ్బు ఉంటే వట్టి నీళ్లు మాని ద్రాక్షారసం కొంచెం పుచ్చుకొమ్మని పౌలు రాశాడు. మరోవైపు సామెతలు 23వ అధ్యాయం తాగినవాడి ఎర్రబడిన కళ్లనూ, ఒంటి మీద కారణం తెలియని గాయాలనూ కళ్లకు కట్టినట్టు చెబుతుంది. గలతీ, ఎఫెసీ పత్రికలు మత్తును పాపాల జాబితాలో పెట్టాయి. నాజీరు వ్రతం పట్టినవాళ్లు ద్రాక్షపండు కూడా ముట్టరాదు. యిర్మీయా 35లో వచ్చే రేకాబీయులు తాగరు సరే, వాళ్లు ఇల్లు కట్టుకోరు, పొలం దున్నరు, గుడారాల్లోనే బతుకుతారు. మన సంఘాల్లో రేకాబీయుల తాగని గుణం మీద ప్రసంగాలు విన్నాం గానీ, వాళ్ల భూమిలేనితనం మీద ఒక్కటీ వినలేదు.

తెలుగు అనువాదం చేసిన ఒక పని మీద విద్యార్థులు దృష్టి పెట్టాలి. గ్రీకు మూలంలో ‘ఓయినోస్’ అనేది ఒకే మాట. కానా పెళ్లిలోనూ, తిమోతికి ఇచ్చిన సలహాలోనూ మన పాత అనువాదం దాన్ని ‘ద్రాక్షారసము’ అంది. ఎఫెసీ 5వ అధ్యాయంలో, మత్తు వద్దని చెప్పే చోట, అదే మాటను ‘మద్యము’ అంది. తెలుగులో రసం అంటే చెరకురసం, నిమ్మరసం లాంటిదే తలపుకొస్తుంది. యేసు చేసింది రసం, మనోళ్లు తాగేది మద్యం అనే గీత అలా పడింది. ఈ గీత అన్ని చోట్లా లేదు. సామెతలు 20లోనూ, రోమా 14లోనూ హెచ్చరించేది ద్రాక్షారసం గురించే. అయినా వినేవాడి మనసులో నిలిచింది ఆ గీతే.

శాఖల మధ్య తేడాలు కూడా తక్కువేం కాదు. కతోలికులు పూజలో పులిసిన ద్రాక్షారసమే వాడాలి, అది వాళ్ల సంఘ చట్టం. లూథరన్లు మితంగా తాగడాన్ని పాపం అనరు. బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్లు చుక్క ముట్టరాదంటారు. సాల్వేషన్ ఆర్మీ వాళ్లకు అసలు బల్లే లేదు. తాగుడు మానినవాడికి పాత్రలోని రసం మళ్లీ శోధన కావచ్చుననేది దానికి చెప్పే కారణాల్లో ఒకటి. పులవని రసం వాడడం కూడా పాతకాలపు ఆచారమేమీ కాదు. 1869లో అమెరికాలోని న్యూజెర్సీలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు పళ్ల డాక్టరు, బల్ల కోసమని ద్రాక్షరసాన్ని వేడిచేసి పులవకుండా సీసాలో నిలవచేశాడు. ఇప్పుడు మన వాడల్లో నల్లద్రాక్షో ఎండుద్రాక్షో ఉడకబెట్టి పిండి ఆ పని కానిస్తున్నారు.

కాబట్టి గ్రంథం ఇదీ అంటుంది, అదీ అంటుంది. అలాంటప్పుడు మన సంఘాలు ఇంత కచ్చితమైన నిషేధాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకున్నాయి?

డప్పు, చచ్చిన గొడ్డు, సారాయి

రాయలసీమలో గుత్తి, అనంతపురం, జమ్మలమడుగు, కడప వైపు పనిచేసింది లండన్ మిషన్. ఆ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. అయితే నియమం ఎలా పుట్టిందో స్పష్టంగా కనబడేది ఒంగోలు మాదిగల్లో. అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ అక్కడికి 1866లో చేరాడు. ఆ ప్రాంతంలో కదలిక తెచ్చింది మాత్రం ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద. క్రైస్తవంలోకి వచ్చే మాదిగలకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. చూడండి, ఇందులో తాగుడు మాట లేనే లేదు.

కానీ విగ్రహానికి మొక్కొద్దు అన్నప్పుడే జాతరలో డప్పు కొట్టొద్దు అనేది వచ్చింది. డప్పు కొట్టడం మాదిగలకు కళ కాదు, వెట్టి. ఊళ్లో దేవర జరిగినా పెద్దరైతు ఇంట్లో చావు జరిగినా పోయి కొట్టి రావాలి. దానికి ముట్టేది ఇంత గింజ, మిగిలిన కూడు, ఇంత కల్లో సారాయో. కూలిలో కొంత మత్తుగా ముట్టింది. డప్పు మానుకున్నవాడు ఆ మత్తునూ మానుకున్నట్టే, ఆ మత్తు మానుకున్నవాడు వెట్టికి రానన్నట్టే. ఊరి పెద్దలకు కోపం రావడానికి కారణం ఇది. మాదిగలు ఏ దేవుణ్ని కొలిచినా వాళ్లకు పట్టింపు లేదు, డప్పుకు మనిషి రాకపోవడమే పట్టింది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని చెప్పుకునేటప్పుడు, వాళ్లలో ఎందరు ఊరి చాకిరికి ఎదురు చెప్పవలసి వచ్చిందో కూడా గుర్తు పెట్టుకోవాలి.

అంటే తాగకపోవడం మొదట్లో నీతి కాదు. సమ్మె.

ఇలాంటిదే ప్రపంచంలో ఇంకో మూల జరిగింది. దక్షిణాఫ్రికాలో కేప్ ప్రాంతపు ద్రాక్షతోటల్లో పనిచేసే నల్ల, మిశ్రమజాతి కూలీలకు కూలిలో భాగంగా రోజూ నాసిరకం వైన్ పోసేవాళ్లు. దాన్ని ‘డాప్’ పద్ధతి అంటారు. చట్టం వద్దన్నాక కూడా అది దశాబ్దాల పాటు సాగింది. ఆ యజమానులు ఆదివారం చర్చికి పోయే క్రైస్తవులే. 1949లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వేతనాల ఒడంబడికలో, కూలికి బదులు ఘాటైన సారా ఇవ్వరాదని ప్రత్యేకంగా రాయవలసి వచ్చిందంటే, ఈ పద్ధతి ఎంతగా పాతుకుపోయిందో ఊహించవచ్చు.

తాగొద్దనడం దొరల నుంచి వచ్చిన నీతి అనే మిత్రులు మరొకటి కూడా చూడాలి. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలి, 1911లో మాన్య సంఘం పెట్టి వాడల్లో తాగుడు మాన్పించడానికి తిరిగాడు. ఆయన క్రైస్తవుడు కాదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేద్కర్ తనతోపాటు లక్షల మంది చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మత్తు పానీయాలు తాగనన్నది ఒకటి. మన ఉద్యమం తనకు తాను తెచ్చుకున్న క్రమశిక్షణను మనమే దొరల ఖాతాలో వేయడం ఏం న్యాయం?

అయితే సమ్మెగా మొదలైంది తరాలు గడిచేసరికి వట్టి గుర్తుగా మిగిలింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో వాళ్లది బీసీ-సీ. అందువల్ల వాడల్లో చాలామంది కాగితం మీద హిందువులు, ఆదివారం క్రైస్తవులు. కాగితం చెప్పలేని విశ్వాసాన్ని ఒళ్లు చెప్పాలి కదా. బొట్టు పెట్టుకోకపోవడం, దేవరకు పోకపోవడం, తాగకపోవడం అలా విశ్వాసికి ఆనవాళ్లయ్యాయి. ఇందులో మొదటి రెండూ పాటించడం సులువు. మూడోది తప్పినవాడు చెట్టు కింద తేలతాడు.

డప్పుకు మాత్రం వేరే చరిత్ర వచ్చింది. 1994 జూలైలో అదే ఒంగోలు వైపు, ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. తాతలు వెట్టి అని విసిరేసిన డప్పును మనవలు ఆత్మగౌరవం అని భుజానికెత్తుకున్నారు. డప్పు తిరిగి రావడానికి సారాయి అవసరం పడలేదు. ఒకప్పుడు ముడిపడి ఉన్న ఈ రెంటినీ విడదీసి చూడవచ్చునని సంఘాలు ఇంకా ఒప్పుకోవడం లేదు. గుడిలో డప్పు కొడితే పాతరోజులు గుర్తొస్తాయని పెద్దలు అనడం మేము విన్నాం. వాళ్ల భయం అబద్ధం అనలేం.

పోసేది ఎవరు

అనంతపురం సీమలో ఈతకల్లు గీసేవాళ్లు ఈడిగలు. చెట్టు నుంచి కుండలోకి, కుండ నుంచి ముంతలోకి ఉన్నంతకాలం కల్లు ఊరి సరుకే. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టంతో చెట్టు, కుండ, అంగడి అన్నీ సర్కారు లెక్కలోకి పోయాయి. కల్లును ప్రేమగా తలుచుకునే మన కవులు, కల్లు తర్వాత వచ్చిన సారాయి ప్యాకెట్‌నూ, బ్రాందీ షాపు క్వార్టర్ సీసానూ అదే సంస్కృతిలో కలిపేయడం పొరపాటు. ముంత కల్లుకు ఒక కాలం, ఒక పండగ, పక్కన కూర్చునే మనుషులు ఉండేవాళ్లు. క్వార్టర్‌కు ఇవేవీ అక్కర్లేదు.

మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు నిషేధం తెచ్చింది. 1948 కల్లా అది రాష్ట్రమంతా పాకింది. ఆ నిషేధం ఆంధ్రలో తర్వాత పోయింది. 1980ల రెండో సగంలో ‘వారుణి వాహిని’ పేరుతో సర్కారే సారాయిని ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చింది. వాడకు మంచినీళ్ల కొళాయి రాలేదు, సారాయి మాత్రం వచ్చింది.

దాన్ని ఆపింది ఏ సంఘకాపరి ప్రసంగమూ కాదు. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం రాత్రిబడుల్లో చదువుకున్న ఆడవాళ్లు, పాఠ్యపుస్తకంలోని సీతమ్మ కథ చదివి, అది తమ కథే అనుకున్నారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. దళిత, వెనకబడిన కులాల కూలి ఆడవాళ్లు, ముస్లిం ఆడవాళ్లు కలిసి సారా వేలంపాటలు జరగనివ్వలేదు. నెల్లూరులో 1993 ఏప్రిల్‌లోనూ, రాష్ట్రమంతా అదే ఏడాది అక్టోబర్ 1నా సారాయి నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెస్తే, 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది.

ఈ ఉద్యమంలో మమ్మల్ని ఆకట్టుకునేది ఒకటే. ఆ ఆడవాళ్లు తాగినవాణ్ని ఇంట్లో తిట్టి ఉంటారు, కొట్టి కూడా ఉంటారు. పోరాటం మాత్రం మొగుడి మీద పెట్టలేదు. అంగడి మీద, వేలంపాట మీద, కలెక్టరాఫీసు మీద పెట్టారు.

చెన్నేకొత్తపల్లి హైదరాబాదు-బెంగళూరు జాతీయ రహదారి మీది ఊరు. 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. కర్ణాటక సరిహద్దు దగ్గరే. ఇక్కడ నిషేధించినా సరుకు అక్కడి నుంచి దిగుతుంది. కర్ణాటకలో సారాయి నిషేధం 2007 దాకా రాలేదు. 2019 అక్టోబర్‌లో ఆంధ్రలో షాపులు సర్కారు చేతికి పోయి ధరలు పెరిగినప్పుడు టెట్రా ప్యాకెట్లు సరిహద్దు దాటాయి. 2024 అక్టోబర్ 16న షాపులు మళ్లీ ప్రైవేటువాళ్ల చేతికి వచ్చాయి, క్వార్టర్ 99 రూపాయలకు దొరికేలా చేశారు. ఆ ఏడాది ఉపాధి హామీ పనికి రాష్ట్రంలో రోజుకూలి 300 రూపాయలు. పూర్తి కూలి పడినవాడికి కూడా ఒక్క క్వార్టర్ అంటే మూడో వంతు.

ఎలక్షన్ ముందు రాత్రి వాడకు కేసులు దింపిన మనిషే డిసెంబర్ 25న కేకు కోయడానికి ముఖ్య అతిథిగా వస్తాడు. ఆయన మెళ్లో దండ వేస్తారు. ఆయనకు ఏ అధ్యాయమూ చదివి వినిపించరు.

కొరింథు పత్రిక మళ్లీ చదివితే

చదవడానికి అధ్యాయాలు లేక కాదు. పొరుగువాడికి తాగబోసి మత్తెక్కించేవాడికి శ్రమ అని హబక్కూకు 2వ అధ్యాయం అంటుంది. అక్కడ నేరస్థుడు తాగినవాడు కాదు, పోసినవాడు. యెషయా 5లో ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుని ఎవరికీ చోటు లేకుండా చేసేవాళ్లను తిట్టాక, మూడు వచనాల తర్వాత పొద్దున్నే మద్యం కోసం లేచేవాళ్లను తిడతాడు. అదే అధ్యాయం చివర, తాగడంలో శూరులై లంచం తీసుకుని తప్పుడు తీర్పు చెప్పేవాళ్లు వస్తారు. వీళ్లందరిదీ ఒకే వర్గం. ఆమోసు 2లో అయితే పేదల దగ్గర జుల్మానాగా గుంజిన ద్రాక్షారసాన్ని గుళ్లో కూర్చుని తాగేవాళ్లు కనిపిస్తారు. ప్రవక్తలు తాగుబోతు అన్నప్పుడు వాళ్ల కళ్ల ముందున్నది భూస్వామి, న్యాయాధిపతి, రాజు. సామెతలు 31 రాజులకు తాగుడు పనికిరాదంటుంది, తాగితే చట్టం మరిచి దీనుల హక్కు కాలరాస్తారని. మన ప్రసంగాల్లో ఈ తిట్లన్నీ చిరునామా మారి కూలోడి గుడిసెకు చేరాయి.

ఇక బల్ల దగ్గర చదివే ఆ అధ్యాయం. కొరింథు సంఘంలో జరిగింది ఏమిటి? ఉన్నోళ్లు ముందే వచ్చి తమ తిండి తాము తినేసి, తాగి మత్తెక్కేవాళ్లు. పని ముగించుకుని వచ్చే లేనోళ్లకు, బానిసలకు ఏమీ మిగిలేది కాదని పండితులు వివరిస్తారు. ఒకడు ఆకలితో, ఇంకొకడు మత్తుతో ఉన్నాడని 21వ వచనం. లేనివాళ్లను సిగ్గుపరుస్తారా అని 22వ వచనం. ఆ తర్వాతే, 27వ వచనంలో, అయోగ్యంగా తినడం అనే మాట వస్తుంది. పౌలుకు కోపం తెప్పించిన మత్తు, ఆకలిగొన్నవాడి ముందు కూర్చుని తాగినవాడి మత్తు. అయోగ్యత అంటే ప్రధానంగా పేదవాణ్ని పంక్తిలో అవమానించడం. ఈ వచనాన్నే చూపించి పేదవాణ్ని పంక్తిలోంచి లేపడం చూస్తే పౌలు ఏమనేవాడో!

ఈ మాట మేము ఒక కాపరితో అన్నప్పుడు ఆయన కోప్పడలేదు. కాసేపు ఊరుకుని, బల్లకు అడ్డు పెట్టకపోతే తాగేవాడి భార్యకు నేనేం జవాబు చెప్పాలి నాయనా అన్నాడు. ఇది తేలిగ్గా తీసేయగల ప్రశ్న కాదు. వాడల్లో చాలా ఇండ్లకు చర్చి తెచ్చింది పరలోకం కంటే ముందు, సాయంత్రం ఇంటికి తిన్నగా వచ్చే మనిషిని. కూలి డబ్బు బియ్యంగా మారిన ఇండ్లు ఉన్నాయి. మేము చదువుకున్నది కూడా అలాంటి డబ్బుతోనే. ఆ ఆడవాళ్ల చేతిలో ఉన్న ఒకే ఒక బెదిరింపు బల్ల. దాన్ని కూడా లాగేసుకునే హక్కు మాకు లేదు. మేము అడిగేది ఏమంటే, ఆ బెదిరింపు బెల్టుషాపు పెట్టించినవాడి దాకా ఎందుకు పోదు? తాగేవాణ్ని ఆపిన సంఘం, సీసాలు పంచినవాడి కేకును ఎందుకు ఆపదు?

ఇంకొకటి, ప్రాణాలతో ముడిపడినది. ఉపవాస ప్రార్థనల్లో ఒక్క రాత్రిలో తాగుడు మాన్పించామని సాక్ష్యాలు చెప్పించడం మన సంఘాల్లో గొప్పగా నడుస్తోంది. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే కొద్ది గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల మతి తప్పి, లేనివి కనబడి, కేకలు వేయవచ్చు. వైద్యం అందకపోతే చనిపోవచ్చు కూడా. వాడల్లో దీన్ని దయ్యం వదులుతోంది అనుకుని పట్టుకుని కూర్చుంటారు. పైగా ఉపవాసం పేరుతో తిండి, నీళ్లు ఆపుతారు. తాగేవాళ్ల ఒంట్లో బి1 విటమిన్ ముందే తక్కువగా ఉంటుంది, అది మరీ పడిపోతే మెదడు దెబ్బతింటుంది. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడా ఒక క్రైస్తవ బృందంలోంచే పుట్టింది. వాళ్లు తాగుడును జబ్బుగా చూశారు, ఇద్దరిలో ఒకరు స్వయంగా డాక్టరు. ప్రార్థన చేయొద్దని మేము అనడం లేదు. మానుకుంటానని చేయెత్తినవాణ్ని ఆ రోజే ఆసుపత్రిలో చూపించండి, అన్నం మాన్పించకండి, రాత్రి పక్కన మనిషిని ఉంచండి. కేంద్ర ప్రభుత్వ సామాజిక న్యాయ శాఖకు వ్యసన విముక్తి సలహా కోసం 14446 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. ఎస్సీల స్కాలర్‌షిప్పులు చూసేది కూడా ఆ శాఖే కాబట్టి మన కార్యకర్తలకు కొత్త కాదు. చర్చి గోడ మీద వాక్యం పక్కన ఆ నంబరు కూడా రాయించమని చెన్నేకొత్తపల్లి వైపు రెండు సంఘాల్లో అడిగాం. ఒక చోట రాయించారు.